నాలుగు మీటర్ల గీతకు ఇటా, అటా?

నెక్సాన్ అనే ఎస్‌యూవీ కారు పొడవు 3,995 మిల్లీమీటర్లు. బ్రెజా పొడవూ 3,995. వెన్యూ, సోనెట్, కైలాక్‌లవి కూడా సరిగ్గా అంతే. ఒకటి టాటాది, ఒకటి మారుతిది, మిగిలినవి హ్యుందాయ్, కియా, స్కోడాలవి. ఎవరి డిజైన్ వారిదే, ఎవరి ఫ్యాక్టరీ వారిదే. అయినా అందరి టేపూ ఒక్క చోటే ఆగింది. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ మరో ఐదు మిల్లీమీటర్లు వెనక్కి తగ్గి 3,990 దగ్గర నిలబడింది. ఇంత పొందిక ఇంజనీర్ల అభిరుచులు కలవడం వల్ల రాదు. నాలుగు మీటర్లు దాటితే పన్ను మారిపోతుంది కాబట్టి వచ్చింది.

ఆ గీత 2006 బడ్జెట్‌లో పడింది. అప్పటి ఆర్థిక మంత్రి పి. చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజను 1,200 సీసీ, డీజిలు ఇంజను 1,500 సీసీ దాటకూడదు అని నిర్వచనం పెట్టారు. ఆల్టో, శాంత్రో, ఇండికా రోడ్లను ఏలుతున్న రోజులవి. ఎత్తైన ఎస్‌యూవీని ఆ కొలతలోకి కుదించే పని ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ ఊపందుకోలేదు. 2012లో రెనో డస్టర్ 4.3 మీటర్ల పొడవుతో వచ్చి మధ్యతరగతికి ఆ రుచి చూపించింది. మరుసటి ఏడాదే ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 3,999 మిల్లీమీటర్లతో, అంటే ఒకే ఒక్క మిల్లీమీటరు మిగుల్చుకుని దిగింది. 2015లో హ్యుందాయ్ క్రెటా గీతకు అవతల, 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్ ఇవతల వచ్చాయి. అప్పటి నుంచి మన దేశంలో ఎస్‌యూవీ కొనాలనుకునే సగటు కుటుంబం ముందు ఉన్న ప్రశ్న ఇదే: నాలుగు మీటర్ల గీతకు ఇవతలి బండా, అవతలి బండా?

పేర్లు ఇక్కడ కొంత గందరగోళం చేస్తాయి. మన దగ్గర నెక్సాన్‌ను కొందరు సబ్‌కాంపాక్ట్ అంటారు, కొందరు కాంపాక్ట్ అంటారు. క్రెటాను కాంపాక్ట్ అనేవారూ ఉన్నారు, మిడ్‌సైజ్ అనేవారూ ఉన్నారు. అమెరికాలో కాంపాక్ట్ అనిపించుకునే హోండా సీఆర్‌-వీ పొడవు దాదాపు 4.7 మీటర్లు. డాలస్‌లో ఉన్న తమ్ముడు ‘కాంపాక్ట్ తీసుకో, చాలు’ అని సలహా ఇస్తే, అది గుంటూరులో ఉన్న అన్నకు వేరే బండిగా అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసంలో పేర్లు పక్కన పెట్టి, నాలుగు మీటర్ల లోపువాటిని చిన్నవి అని, 4.2 నుంచి 4.4 మీటర్ల మధ్యవాటిని పెద్దవి అని అనుకుందాం.

ముందు డబ్బు సంగతి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు గీత చెరగలేదు. 1.2 లీటర్ల పెట్రోలు నెక్సాన్ మీద సెస్సుతో కలిపి 29 శాతం, 1.5 లీటర్ల క్రెటా మీద 45 శాతం పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయింది. చిన్న కారు నిర్వచనంలో ఇమిడేవాటికి 18 శాతం, ఇమడనివాటికి 40 శాతం అయింది. రెండు వైపులా ధరలు తగ్గడంతో అందరి కళ్లూ తగ్గుదల మీదే నిలిచాయి. కానీ రెండింటి మధ్య తేడా 16 నుంచి 22 శాతానికి పెరిగింది. పన్నులు కలపకముందు 8 లక్షలు పలికే బండిని ఊహించుకుంటే, గీతకు ఇటు ఉంటే అది 9.44 లక్షలు, అటు ఉంటే 11.20 లక్షలు. ఒక్క జీఎస్టీతోనే 1.76 లక్షల తేడా. ఈ డబ్బు తోలు సీటుగానో, ఉక్కుగానో ఇంటికి రాదు.

పొడవు తక్కువైనంత మాత్రాన పన్ను తక్కువ అనుకోవడమూ పొరపాటే. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా, దాని పెట్రోలు ఇంజను 1,462 సీసీ. నిర్వచనంలో రెండో షరతు తప్పింది కాబట్టి అది 40 శాతం జాబితాలోనే ఉంది. అంటే బ్రెజా కొనేవారు పెద్ద బండి పన్ను కట్టి చిన్న బండి తెచ్చుకుంటున్నారు. ఆ ఇంజను నాలుగు సిలిండర్లది, నున్నగా తిరుగుతుంది, మారుతి సర్వీసు ఊరూరా ఉంది. ఇవి కావాలనుకునేవారికి అది సరైన బండే. కాకపోతే ఏ పన్ను కడుతున్నారో తెలిసి కట్టాలి.

అసలు మెట్టు పది లక్షల దగ్గర ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైఫ్ ట్యాక్స్‌ను ధరల శ్లాబులను బట్టి వసూలు చేస్తారు. ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకు 14 శాతం. పది లక్షలు దాటితే అంతకు కనీసం మూడు శాతం ఎక్కువ, అదీ దాటిన భాగం మీద కాక మొత్తం ధర మీద. 9.9 లక్షల కారుకు లైఫ్ ట్యాక్స్ సుమారు 1.39 లక్షలు. 10.1 లక్షల కారుకు 17 శాతం చొప్పున వేసినా 1.72 లక్షలు. కారు ధరలో తేడా 20 వేలు, పన్నులో తేడా 33 వేలు. పది లక్షలు దాటిన బండి మీద షోరూము మరో ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా పట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తుంది. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ, బండి తీసుకునే రోజున చేతి నుంచి పోవలసిందే. క్రెటా వంటి బండ్లలో అన్నిటికంటే కింది రకం కూడా ఈ మెట్టుకు పైనే ఉంటుంది. చిన్నవాటిలో మధ్య రకాలు చాలావరకు మెట్టుకు ఇవతలే దొరుకుతాయి. బడ్జెట్ తొమ్మిది, తొమ్మిదిన్నర లక్షలు అనుకున్నవారు ‘ఇంకొక్క లక్ష పెడితే పెద్దది వస్తుంది కదా’ అనుకోవడం సహజం. ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన రాసుకుంటే ఆ ఒక్క లక్ష ఎన్ని లక్షలో బయటపడుతుంది.

మిగతా ఖర్చుల్లో చెప్పుకోదగ్గ తేడాలు తక్కువ. టోల్ రెండింటికీ ఒకటే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇంజను సీసీని బట్టి ఉంటుంది కాబట్టి 1,199 సీసీ నెక్సాన్‌కూ, 1,497 సీసీ క్రెటాకూ ఒకే ప్రీమియం. వెయ్యి సీసీ లోపు టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో పంపి బలం పెంచే పరికరం) ఇంజను ఉన్న వెన్యూ, సోనెట్, కైలాక్ వంటివాటికి మాత్రం అది కొంచెం తక్కువ. టైర్ల దగ్గర గుర్తు పెట్టుకోవలసింది ఒకటుంది. పెద్ద బండ్ల పై రకాల్లో 17, 18 అంగుళాల చక్రాలు వస్తాయి. వాటి టైర్లు ఖరీదైనవి, పక్క గోడ ఎత్తు తక్కువ. వానాకాలం గుంతల్లో అంచు తగిలి టైరు ఉబ్బిందంటే ఒక్క దానికే మంచి మొత్తం వదులుతుంది.

ఇక ఆ అదనపు పొడవు ఏమవుతుందో చూద్దాం. క్రెటా పొడవు 4,330 మిల్లీమీటర్లు. నెక్సాన్ కంటే 335 ఎక్కువ, అంటే అడుగూ ఒక అంగుళం. కానీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, నెక్సాన్‌కు 2,498, క్రెటాకు 2,610. తేడా 112 మిల్లీమీటర్లే. కూర్చునేవారి కాళ్లకు దక్కే అవకాశం ఉన్నది ఈ నాలుగున్నర అంగుళాలే. మిగిలినది బానెట్‌కు, బంపర్లకు, డిక్కీకి పోతుంది. కాబట్టి వెనక సీటు కోసం పెద్ద బండి చూసేవారు పొడవు చూసి లాభం లేదు, వీల్‌బేస్ చూడాలి. 3ఎక్స్‌ఓ వీల్‌బేస్ 2,600. క్రెటాకు, దానికీ మధ్య తేడా సెంటీమీటరు. నాలుగు మీటర్ల లోపే ఉంటూ వెనక కూర్చునేవారి మోకాళ్లకు పెద్ద బండి చోటు ఇచ్చిన కారు అది. అందుకు మూల్యం డిక్కీలో చెల్లించింది. నాలుగు మీటర్ల పెట్టెలో ఒక చోట కలిపితే ఇంకో చోట కోయక తప్పదు.

వెనక సీటు పరీక్షను షోరూములో చాలామంది సగమే చేస్తారు. తలుపు తీసి, ఒక్కరు కూర్చుని, మోకాళ్ల ముందు పిడికిలి పెట్టి చూసి, బాగుందని దిగిపోతారు. ఇద్దరు కూర్చునే లెక్కలో ఇవాళ్టి చిన్న ఎస్‌యూవీలన్నీ దాదాపు నెగ్గుతాయి. అసలు పరీక్ష మూడో మనిషిది. నడుమ కూర్చునేవారి కాళ్ల మధ్యకు ఏసీ గాలి వచ్చే డబ్బా పొడుచుకొస్తుంది. వీపు వెనక మడిచిన ఆర్మ్‌రెస్ట్ గట్టిగా తగులుతుంది. అటూ ఇటూ ఉన్నవారు భుజాలు ముందుకు వంచితే గానీ వారి భుజం సీటుకు ఆనదు. చాలా ఇళ్లలో ఆ చోటు ఎవరికి పడుతుందో తెలిసిందే. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నంతకాలం వాళ్లకు, వాళ్లు ఎదిగాక వద్దనలేని ఇంటి పెద్దావిడకు. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. ఆ మధ్య చోటులో నాలుగున్నర గంటలు కూర్చున్నవారి నడుమును అడిగితే, అడుగు పొడవుకు విలువ ఎంతో చెబుతుంది. పెద్ద బండిలో కూడా ఆ చోటు సింహాసనం కాదు. హోండా ఎలివేట్ లాంటి వాటిలో కాస్త ఊపిరి ఆడుతుంది, అంతే. ఈ తరగతిలోనే కొన్ని బండ్లు నిజానికి నలుగురి కోసం చేసినవి. ఏడాదిలో ఎన్ని రోజులు వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటారన్నది ఈ మొత్తం ఎంపికలో అన్నిటికంటే పనికొచ్చే అంకె. ఆ లెక్క పది, పదిహేను రోజులు తేలితే దాని కోసం మూడు నాలుగు లక్షలు ఎక్కువ పెట్టడం దండగ. ప్రతి ఆదివారం, ప్రతి పండగ, ప్రతి పెళ్లి అని తేలితే చిన్న బండి కొన్న మర్నాటి నుంచే ఇరుకు మొదలవుతుంది.

డిక్కీ విషయంలో కంపెనీలు చెప్పే లీటర్లను గుడ్డిగా పోల్చకూడదు. కొందరు వెనక అద్దం కింద ఉండే పలక వరకే కొలుస్తారు, కొందరు పైకప్పు దాకా. నెక్సాన్‌కు 382, సోనెట్‌కు 385, బ్రెజాకు 328, క్రెటాకు 433, ఎలివేట్‌కు 458 అని కాగితం మీద ఉంటుంది. కైలాక్‌కు 446 అంటారు, అంటే క్రెటా కంటే ఎక్కువ. ఆకారం చూడకుండా అంకె చూస్తే ఏమీ తెలియదు. సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చే బండిని తలచుకుంటే చాలు. వెళ్లేటప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులు, పిల్లల సంచి, మందుల సంచి. వచ్చేటప్పుడు వాటికి తోడు 25 కిలోల బియ్యం బస్తా, అరిసెల డబ్బా, కొబ్బరికాయల మూట, గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ. జాడీని పడుకోబెట్టడానికి వీల్లేదు, దాని మీద ఏదీ పెట్టడానికి వీల్లేదు. చిన్న బండిలో అది ఎవరి కాళ్ల దగ్గరకో చేరుతుంది. డిక్కీ అంచు నేలకు ఎంత ఎత్తున ఉందో కూడా చూసుకోవాలి. బస్తాను నడుము దాటి ఎత్తి లోపలికి దించాల్సి వస్తే ఆ పని ప్రతిసారీ ఇద్దరిది.

ఇంధనం ఏదన్న దాన్ని బట్టి కూడా డిక్కీ మారిపోతుంది. సీఎన్‌జీ సిలిండరు సామాను చోటు తినేసే బండ్లు చాలా ఉన్నాయి. టాటా నెక్సాన్‌లో రెండు చిన్న సిలిండర్లు నేల కింద సర్ది 321 లీటర్లు మిగిల్చింది. పెద్ద తరగతిలో మారుతి విక్టోరిస్ సీఎన్‌జీ ట్యాంకును బండి అడుగునే అమర్చింది. గ్రాండ్ విటారాలో స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీతో తిరిగే మోటారు ఉన్న రకం) తీసుకుంటే బ్యాటరీ డిక్కీ కిందికి చేరి చోటు బాగా తగ్గుతుంది. దాని మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లని కంపెనీ లెక్క. నెలకు రెండు వేల కిలోమీటర్లు, అదీ ఎక్కువగా ఊళ్లో తిరిగేవారికి ఆ హైబ్రిడ్ ఒక్కటే పెద్ద తరగతికి వెళ్లడానికి తగిన కారణం కావచ్చు, ఎందుకంటే అలాంటి ఇంజను చిన్న తరగతిలో లేదు.

‘మా వీధి సన్నం, అందుకే చిన్నది’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. వీధి సన్నదనానికి కావలసింది వెడల్పు లెక్క. నెక్సాన్ వెడల్పు 1,804 మిల్లీమీటర్లు, 3ఎక్స్‌ఓ 1,821. క్రెటా 1,790. అంటే ఎదురుగా ఆటో వస్తే పక్కకు జరగడంలో చిన్న బండి గొప్ప ఏమీ లేదు. దాని గొప్ప తెలిసేది మలుపు దగ్గర, సెల్లార్‌లో. పాత అపార్ట్‌మెంట్‌లో ర్యాంపు దిగి, స్తంభం చుట్టూ తిప్పి, నీళ్ల మోటారు గదికీ పక్కవారి బైకుకూ మధ్య బండిని వెనక్కి పెట్టే మనిషికి ఆ అడుగు చాలా పెద్దది. ఒక్క ఊపులో అయ్యే పని రెండు ఊపులవుతుంది. తోక అరడుగు బయటికి పొడుచుకొచ్చిందంటే రోజూ ఎవరో ఒకరి స్కూటరు హ్యాండిల్ దాన్ని గీసుకుంటూ పోతుంది. టేపు తీసుకుని తమకు కేటాయించిన చోటును కొలిచి, తలుపు తెరిచేందుకు పక్కన రెండడుగులు ఉందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ పని అడ్వాన్సు కట్టకముందే అయిపోవాలి.

ఇంజన్ల విషయానికి వస్తే, 1,200 సీసీ పరిమితి చిన్న బండ్లకు ఒక స్వభావాన్ని ఇచ్చింది. నెక్సాన్, 3ఎక్స్‌ఓ, వెన్యూ టర్బో, కైలాక్ అన్నీ మూడు సిలిండర్లవే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో సన్నని వణుకు తెలుస్తుంది. కానీ టర్బో ఉంది కాబట్టి బలం తక్కువేమీ కాదు. నెక్సాన్ 170 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, ఇస్తుంది, 3ఎక్స్‌ఓలో పెద్ద టర్బో 230 ఇస్తుంది. క్రెటా, కియా సెల్టోస్‌లలో ఎక్కువమందికి అందే ధరలో వచ్చేది టర్బో లేని 1.5 లీటర్ల ఇంజను. అది నిశ్శబ్దంగా, మెత్తగా తిరుగుతుంది, కానీ 144 ఎన్‌ఎం టార్కే. మే నెలలో ఏసీ పూర్తిగా పెట్టి, ఐదుగురితో, సామానుతో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడో, దోర్నాల మీదుగా శ్రీశైలం మలుపుల్లోనో ఈ తేడా కుడికాలికి తెలుస్తుంది. మెత్తని ఇంజనుకు గేరు తగ్గించి, గట్టిగా తొక్కి, దాని గోల విని ఎక్కించాలి. పెద్ద బండి కాబట్టి పెద్ద బలం అనే నమ్మకం ఇక్కడ చెదిరిపోతుంది. డీజిలు రెండు తరగతుల్లోనూ 250 ఎన్‌ఎం చుట్టుపక్కల బలంతో దొరుకుతుంది. హైవే మీద తరచుగా తిరగనివారు మాత్రం దాని జోలికి వెళ్లకపోవడం మేలు. రోజూ ఐదారు కిలోమీటర్లు తిరిగే బండిలో పొగ మసిని పట్టే ఫిల్టరు కాలి శుభ్రపడే అవకాశం లేక పూడుకుపోతుంది.

భద్రత గురించి ఇంకా స్పష్టంగా మాట్లాడాలి, ఎందుకంటే పెద్ద బండి అంటే క్షేమం అన్న అపోహకు పట్టు ఎక్కువ. 2018లో, కార్లను గుద్దించి భద్రతకు నక్షత్రాలు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న తొలి భారతీయ కారు నెక్సాన్, అంటే నాలుగు మీటర్ల లోపుది. అదే సంస్థ 2020లో సెల్టోస్‌కు, 2022లో రెండు ఎయిర్‌బ్యాగులున్న క్రెటాకు మూడేసి నక్షత్రాలే ఇచ్చింది. 2022లోనే పెద్ద తరగతిలో స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ ఐదు తెచ్చుకున్నాయి. మన దేశంలో అలాంటి పరీక్షే అయిన భారత్ ఎన్‌క్యాప్ మొదలయ్యాక 3ఎక్స్‌ఓ, కైలాక్, విక్టోరిస్ ఐదు నక్షత్రాల వరుసలో చేరాయి. ఇందులో పొడవుకు సంబంధం ఎక్కడా కనిపించదు. ఎవరు బాడీని గట్టిగా కట్టారు, ఎవరు ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ కింది రకం నుంచే ఇచ్చారు అన్నదానితోనే సంబంధం.

ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగే అసలు బేరం దగ్గరకు వద్దాం. పన్నెండు, పదమూడు లక్షల దగ్గర రెండు బండ్లు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకటి చిన్న బండిలో అన్ని హంగులూ ఉన్న పై రకం. రెండోది పెద్ద బండిలో కింది నుంచి రెండో రకం. మొదటిదానిలో సన్‌రూఫ్, గాలి ఆడే సీట్లు, పెద్ద తెర, చుట్టూ కెమెరాలు ఉంటాయి. రెండోదానిలో చోటు ఉంటుంది, హంగులు తక్కువ. ఇక్కడ తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. తర్వాత పెట్టించుకోగలిగినవి, పెట్టించుకోలేనివి వేరు చేయడం. తెర, సీటు కవర్లు, వెనక కెమెరా, అల్లాయ్ చక్రాలు బయట దొరుకుతాయి. వీల్‌బేస్, ఇంజను, ఎయిర్‌బ్యాగులు, నడుమ మనిషికి మూడు పాయింట్ల బెల్టు బయట దొరకవు. ఈ లెక్కన కుటుంబం పెద్దదైతే పెద్ద బండి కింది రకమే గెలుస్తుంది. ఇద్దరో ముగ్గురో ఉన్న ఇంటికి టర్బో ఇంజనుతో, ఆరు ఎయిర్‌బ్యాగులతో వచ్చే చిన్న బండి మధ్య రకం గెలుస్తుంది, మిగిలిన డబ్బు ఇంట్లోనే ఉంటుంది. చిన్న బండి పై రకం గెలిచే సందర్భాలు తక్కువ. పిల్లలు షోరూములో సన్‌రూఫ్‌లోంచి తల బయటికి పెట్టి సంబరపడినంత మాత్రాన దానికి లక్ష పెట్టవలసిన పని లేదు. మన ఎండల్లో అది మూసి ఉండే రోజులే ఎక్కువ, నడిచే కారులో తల బయట పెట్టడం ప్రాణాంతకం.

ఎలక్ట్రిక్ కార్లలో ఈ తర్జనభర్జనే మారిపోతుంది. పొడవు ఎంతైనా జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా లైఫ్ ట్యాక్స్ మినహాయింపు కూడా ఉంది. గీత చెరిగిపోయిన చోట తయారీదారు ఏం చేస్తాడో ఎంజీ విండ్‌సర్ చూపించింది. పొడవు 4.3 మీటర్లు, వీల్‌బేస్ 2,700 మిల్లీమీటర్లు. చోటు కోసం చూసేవారు, ఇంట్లో చార్జింగ్ పెట్టించుకోగలిగినవారు పెట్రోలు చిన్నదా పెద్దదా అని తేల్చుకునే ముందు అటు ఒకసారి చూడడం అవసరం.

ఏది ఎంచుకున్నా టెస్ట్ డ్రైవ్ ఒక్కరే వెళ్లి చేసేది కాదు. షోరూము వారిని బండి ఇంటికే తెమ్మంటే చాలావరకు తెస్తారు. ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషి స్టీరింగ్ దగ్గర సీటు సర్దుకున్నాక, ఆ వెనకే ఇంకో పొడుగాటి మనిషి కూర్చోవాలి. పెద్దావిడ చీర కుచ్చెళ్లు పట్టుకుని చేయి ఆసరా లేకుండా ఎక్కగలుగుతున్నారో లేదో చూడాలి. అటక మీది సూట్‌కేసులు దించి డిక్కీలో పెట్టి తలుపు వేయాలి. చివరగా బండిని సెల్లార్‌లోకి దించి, తమ చోటులో నిలిపి, రెండు పక్కలా తలుపులు తెరిచి దిగాలి.